లక్క రికార్డులో హార్మోనియం

మన బ్యాచ్‌లో వినైల్ మోజు బాగానే ఉంది. వేలు పోసి కొత్త ఎల్పీ కొని, వినకుండా గోడకి తగిలించుకున్నవాళ్లు కూడా తెలుసు నాకు. నా దగ్గరున్నది ఆ జాతిది కాదు. వినైల్‌కి ముందు తరం, 78 ఆర్‌పీఎం రికార్డు. లక్కలో రాతిపొడి కలిపి అచ్చేసేవాళ్లు. అవును, పురుగులు చెట్టుకి పెట్టే లక్కే. చెయ్యి జారితే పింగాణీ పళ్లెంలా పగులుతుంది. బయట దేశాల్లో ఎల్పీలు వచ్చేశాక కూడా కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో ఇవి తయారవుతూనే ఉన్నాయి. 1960ల్లో బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78ల మీద వచ్చాయంటే చూడండి.

ఈ రికార్డు తాతయ్యది. తెనాలి దగ్గర ఊరి నుంచి మూసాపేటలో మా ఇంటికి వచ్చేసేటప్పుడు, పాత పంచెలో చుట్టి ట్రంకుపెట్టెలో తెచ్చుకున్నాడు. తిరుపతి వెంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ పద్యాలు. లేబుల్ని పురుగులు తినేశాయి. కుక్క బొమ్మ సగం మిగిలింది, పాడినాయన పేరు పోయింది. అందులో హార్మోనియం వాయించింది వాళ్ల నాయనే అని తాతయ్య మాట. ఇంట్లో ఎవరూ నమ్మరు. “ఆయన మద్రాసు వెళ్లింది కోర్టు పని మీదరా” అని పెదనాన్న నవ్వేస్తాడు. తాతయ్యకి ఎనభై దాటాయి, చెవులు మెల్లగా మొరాయిస్తున్నాయి. ఆయన వినగలిగినప్పుడే ఈ సంగతి తేలాలని నాకు పట్టుదల.

లేబుల్ పోయినా దాని పక్కన లక్కలో గుచ్చిన నంబరు ఉంటుంది. ఫోన్ టార్చి ఏటవాలుగా పెడితే కనబడుతుంది. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారిలా వేల రికార్డులు పోగేసి, వాటి గురించి రాసినవాళ్లున్నారు కాబట్టి, పాడినాయన పేరు ఎప్పటికైనా దొరుకుతుందని నా ఆశ. హార్మోనియం ఆయన సంగతి వేరు. పక్కవాయిద్యాల వాళ్ల పేర్లు లేబుల్ మీద వేయడం అరుదు. ఉన్న సాక్ష్యమల్లా ఆ గాడిలోనే ఉంది.

ముందు కడగాలి. వినైల్ తుడిచే ఆల్కహాల్ దీనికి తగలనివ్వకూడదు, లక్క అందులో కరిగిపోతుంది (చెక్క సామాన్ల పాలిష్ చేసేదే అలా). బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ కొని, రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే రుద్దాను. నీళ్లు నల్లగా దిగాయి.

తర్వాత ముల్లు. ఎల్పీ ముల్లు కొన వ్యాసార్ధం 18 మైక్రాన్ల దాకా ఉంటుంది, 78కి సుమారు 76 కావాలి. సన్న ముల్లు పెడితే గాడి గోడల్ని తాకకుండా అడుగున దుమ్ములో దొర్లుతుంది. ఎర్రగడ్డ ఆదివారం సంతంతా తిరిగినా ముల్లు దొరకలేదు, ఆన్‌లైన్లో తెప్పించాను. సీనియర్ ఇచ్చిన టర్న్‌టేబుల్‌కి 33, 45 వేగాలే ఉన్నాయి. ఫర్వాలేదు, 45లో తిప్పి రికార్డు చేసి, ఆడాసిటీలో 78కి మార్చుకోవచ్చు. అర్ధరాత్రి మెట్రో ఆగి, హైవే మీద లారీలు పల్చబడ్డాక రికార్డు చేశాను. మూసాపేటలో నేల అదిరితే ముల్లుకి కూడా వినిపిస్తుంది మరి.

టపటపలు పోగొట్టడం తేలికే. కష్టమంతా ‘బుస్సు’మనే హోరుతో. పద్యం మొదలవకముందు గాడిలో ఉన్న ఉత్త హోరుని నమూనాగా చూపిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని మొత్తం లోంచి తగ్గిస్తుంది. 24 డెసిబెల్స్ తగ్గిస్తే గొంతు అద్దంలా వచ్చింది, హార్మోనియం మాత్రం నీళ్లలో మునిగినట్టయింది. తిత్తి ఊపిరి కూడా సాఫ్ట్‌వేర్ లెక్కలో హోరే. నాకు కావలసింది ఆ తిత్తే. చివరికి 8 దగ్గర ఆపాను. ఇంకా గరగరలాడుతోంది, ఆడనీ.

తాతయ్యకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. పద్యం అయ్యేదాకా కదల్లేదు. చివర రాగం తీసి పాడినాయన ఆగాక, హార్మోనియం ఒక్కటే ఇంకో రెండు మెట్లు ఎక్కి దిగింది. చెయ్యెత్తాడు.

“అదిగో. ఆయన ఆగినా మా నాయన వేళ్లు ఆగలా. ఇంట్లోనూ అంతే.”

ఆ ముక్క పెదనాన్నకి వాట్సాప్ చేశాను. “నాటకాల హార్మోనిస్టులందరూ చేసేదేగా అది” అని జవాబు. నిజమే, కాదనలేను.

అయితే ఊళ్లో ముత్తాత హార్మోనియం పెట్టె ఇంకా ఉంది. వేగం మారితే స్వరాలన్నీ ఒకే నిష్పత్తిలో మారతాయి (6 శాతం తేడాకి పక్క మెట్టంత), కానీ ఏదైనా రీడు మిగతావాటికంటే కాస్త దిగి ఉంటే ఆ తేడా ఏ వేగంలోనైనా అలాగే ఉంటుంది. రికార్డులో ఒక మెట్టు అలాగే దిగి వినబడుతోంది. సంక్రాంతికి వెళ్లి పెట్టెలో ఒక్కో మెట్టూ నొక్కి ఫోన్లో రికార్డు చేస్తాను. ఇన్నేళ్లలో రీడు దానంతటదే దిగి ఉండొచ్చు కదా అంటే నా దగ్గర జవాబు లేదు. రీడ్లు ఎప్పుడో మార్పించి ఉంటారని పెదనాన్న పందెం కాస్తున్నాడు.

తాతయ్యని అడిగితే కోపం వచ్చింది. “ఆ పెట్టె మీద ఎవర్నైనా చెయ్యి వెయ్యనిచ్చానంట్రా నేను?”