ఏడుపుకు మందు అడగకండి

"సార్, అమ్మ ఏడుపు ఆపడం లేదు. కాస్త నిద్రపట్టేలా ఏదైనా మాత్ర రాయండి."

మియాపూర్‌లో ప్రాక్టీసు పెట్టిన నాటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. చెప్పేది ఎక్కువగా కొడుకో కోడలో అయివుంటారు. నాన్న పోయి పది రోజులై ఉంటుంది, సెలవు అయిపోవస్తుంటుంది. వాళ్ల కంగారు నాకు అర్థమవుతుంది, అయినా కోపం ఆగదు. భర్త పోయిన మనిషి పదో రోజున ఏడవకపోతే ఇంకెప్పుడు ఏడుస్తుంది? పైగా ఆ వయసులో నిద్రమాత్ర వేసుకుని రాత్రిపూట లేస్తే తూలిపడతారు, తుంటి ఎముక విరుగుతుంది. నన్ను అడగాల్సింది ఆవిడ రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రల గురించి. ఆ సంగతి నేనే కదిపితే కొడుకు తల్లి వైపు చూస్తాడు, తల్లి నేల వైపు చూస్తుంది.

"ఆయనే పోయాక నాకెందుకు బాబూ ఈ మాత్రలు?"

నన్ను భయపెట్టేది ఈ మాట. దిగులు మనసులోనే ఆగిపోదు. ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, వాటితో పాటు గుండె వేగం, రక్తపోటు, చక్కెర పెరుగుతాయి. మాత్రలు మరీ అవసరమైన రోజుల్లోనే మనవాళ్లు వాటిని మానేస్తున్నారు. గుండెకు వాడే బీటా బ్లాకర్ల వంటివి ఉన్నట్టుండి ఆపితే గుండెపోటు దాకా రావచ్చు. భార్యను పోగొట్టుకున్న 55 ఏళ్లు, ఆ పైబడిన 4,486 మంది మగవాళ్ల మీద బ్రిటన్‌లో చేసిన అధ్యయనం ఒకటి 1969లో అచ్చయింది. మొదటి ఆరు నెలల్లో వాళ్ల మరణాలు అదే వయసులో భార్యతో ఉన్నవాళ్ల కన్నా 40 శాతం ఎక్కువ. ఆ పెరుగుదలలో పెద్ద వాటా గుండెజబ్బులదే. ఒకరి వెనకే ఇంకొకరు వెళ్లిపోయారని మన ఊళ్లలో చెప్పుకుంటాం. అలా వెళ్లిపోయినవాళ్లలో కొందరినైనా ఆపగలిగేవాళ్లం.

తెనాలి వైపు నుంచి వచ్చి హఫీజ్‌పేటలో కొడుకు దగ్గర ఉంటున్న ఒకావిడ బాత్రూములో కళ్లు తిరిగి పడిపోయారు. నా దగ్గరకు తెచ్చేసరికి బీపీ 190 దాటింది. కోడలు సంచిలోంచి మాత్రల పెట్టె తీసింది. వారానికి ఏడు అరలున్న ప్లాస్టిక్ పెట్టె. ఆది, సోమ, మంగళవారాల అరలు ఖాళీ. బుధవారం నుంచి మాత్రలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయన పోయింది బుధవారం తెల్లవారుజామున. ప్రతి ఆదివారం ఆయనే కళ్లజోడు పెట్టుకుని కూర్చుని, స్ట్రిప్పుల్లోంచి ఒక్కో మాత్ర నొక్కి తీసి అరల్లో సర్దేవారట.

"అవి ఆయన చేత్తో పెట్టినవి బాబూ. మింగేస్తే అయిపోతాయి కదా."

అప్పటిదాకా తల్లిని మొండిమనిషని విసుక్కుంటున్న కొడుకు తల దించుకున్నాడు. ఆ పెట్టె అలాగే దాచుకోమన్నాను. కొత్త పెట్టె, కొత్త స్ట్రిప్పులు తెప్పించాం. మోతాదు కాస్త మార్చాను. ఆదివారం సర్దే పని మనవడికి అప్పగించాం. కొద్ది వారాల్లో బీపీ దారికొచ్చింది. ఏడుపు తగ్గలేదు, దాన్ని తగ్గించాలని నేనూ చూడలేదు. మాత్రలు సర్దుతున్నంతసేపూ మనవడికి తాతగారి సంగతులు చెబుతున్నారని తర్వాత తెలిసింది.

పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం అంటూ మన పెద్దలు దుఃఖానికి ఏడాది వ్యవధి ఇచ్చారు. ఈ ఐటీ కారిడార్‌లో అది వారానికి కుదించుకుపోయింది. మదీనాగూడలో ఉండే ఓ కుర్రాడు 2021లో, కరోనా రెండో వేవ్‌లో, తండ్రి అంత్యక్రియలు ఫోన్‌లో చూసి రెండో రోజే లాగిన్ అయ్యాడు. కొన్ని నెలలకు ఛాతీ నొప్పని వచ్చాడు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ బాగున్నాయి. మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగాను. లారీ డ్రైవరట. కడప వైపు వెళ్లినప్పుడల్లా గువ్వలచెరువులో బండి ఆపి పాలకోవా కట్టించుకుని వచ్చేవారట. ఆ పాలకోవా దగ్గర వాడి గొంతు పూడుకుపోయింది. తండ్రి పేరెత్తి మాట్లాడటం ఆయన పోయాక అదే మొదటిసారి అన్నాడు.

"మాకే ఎందుకిలా జరిగింది?" అని అడిగినవాళ్లకు బంధువులు కర్మ అని చెబుతారు, మర్చిపొమ్మంటారు. రెండూ నాకు నచ్చవు. పోయినవాళ్ల పేరు మీద ఏదో ఒక పని మొదలైన ఇళ్లలోనే కాస్త ఊరట కనిపించింది నాకు. 2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు ఓ దాత గుండెను మెట్రోలో తీసుకెళ్లారు. 13 కిలోమీటర్లు, 13 నిమిషాలు. మియాపూర్ నుంచి నా పేషెంట్లు రోజూ ఎక్కే లైనే అది. ఆ రైలు కదలడానికి ముందు ఓ కుటుంబం తన బతుకులోకెల్లా చెడ్డ ఘడియలో సరేనంది. 2013 నుంచి నడుస్తున్న జీవన్‌దాన్ అవయవదాన పథకం నిలబడింది ఇలాంటి కుటుంబాల మీదే. కళ్లయితే ఇంట్లో పోయినవారివీ ఇవ్వవచ్చు. ఆరు గంటల లోపు కళ్లు సేకరించాలి కాబట్టి ఐ బ్యాంకుకు వెంటనే కబురు పెట్టాలి. బీపీ, షుగరు, శుక్లాల ఆపరేషను అడ్డం కావు. ఇవ్వలేకపోయినవాళ్లు తప్పు చేశామని కుమిలిపోనక్కర్లేదు. ఆదివారం పూట మాత్రలు సర్దే మనవడు చేస్తున్నదీ తాత పనే.

అయితే ఒక హద్దు ఉంది. ఆరు నెలలు దాటినా తిండి, పని, మనుషులు ఏవీ పట్టకుండా అదే శోకంలో ఉండిపోతే దాన్ని చికిత్స అవసరమైన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో చేర్చింది. అప్పుడు మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. చనిపోవాలన్న మాట నోట వస్తే ఆరు నెలలు కాదు, ఆ రోజే తీసుకెళ్లాలి. టెలీ మానస్ 14416కు ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.

ఈసారి ఎవరింటికైనా పలకరింపుకు వెళితే ధైర్యం చెప్పే మాటలు వెతుక్కోకండి. పోయినవారి గురించి రెండు సంగతులు అడగండి, చెప్పేవాళ్లను చెప్పనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. లేచి వచ్చేముందు ఇవాళ్టి మాత్రలు వేసుకున్నారో లేదో కనుక్కుని, వేసుకోకపోతే మంచినీళ్ల గ్లాసు అందించి దగ్గరుండి వేయించండి.