సున్నా బై సున్నా

కే.వి.కుప్పంలో గుడియాత్తం బస్సు కోసం చూస్తూ బావా నేనూ చదరంగంలోని ఫ్రెంచ్ డిఫెన్స్ మీద తగువేసుకున్నాం. అందులో నల్లపావుల తెల్లగడి బిషప్పు సొంత బంట్ల వెనకే ఇరుక్కుంటుందని ఆయన వాదన. మరి 2024లో సింగపూర్‌లో ప్రపంచ కిరీటం పోటీలో మన గుకేశ్ మీద డింగ్ లిరెన్ మొదటి ఆట గెలిచింది ఆ డిఫెన్స్‌తోనేగా! (చివరికి 14 ఆటల్లో 7.5–6.5తో కిరీటం గుకేశ్‌దే, అది వేరే సంగతి.)

మధ్యలో కోడలుపిల్ల లెక్క: ఎక్స్ వర్గం మైనస్ 9ని ఎక్స్ మైనస్ 3తో భాగిస్తే, ఎక్స్ 3కి దగ్గరయ్యేకొద్దీ విలువ దేనికి దగ్గరవుతుంది, అంటే లిమిట్ ఎంత? నేరుగా 3 పెడితే సున్నా బై సున్నా. పైదాన్ని విడగొట్టి, ఉమ్మడిది కొట్టేస్తే మిగిలేది ఎక్స్ ప్లస్ 3. జవాబు 6. సరిగ్గా 3 దగ్గర ఆ భిన్నానికి విలువే లేదు, అయినా లిమిట్ ఉంది. నాకు నచ్చేది అదే. అక్కడ బావకీ పేచీ లేదు. బిషప్పు దగ్గర మాత్రం ఒక్క గడి కూడా తగ్గలేదు.