బాంబర్ల షెడ్డులో హారీ పాటర్!

మన రామోజీ ఫిలిం సిటీ సినిమా కోసమే పుట్టింది. లండన్ పక్కనున్న లీవ్స్‌డెన్ కథ వేరు. అది పుట్టింది యుద్ధం కోసం!

యూస్టన్‌లో రైలెక్కి వాట్‌ఫర్డ్ జంక్షన్‌లో దిగాను. అక్కణ్ణించి బస్సు. నిండా హారీ పాటర్ వీరాభిమానులే. నాకు మాత్రం ఆ షెడ్లంటే ఆసక్తి.

1940లో ప్రభుత్వం ఇక్కడ స్థలం తీసుకుని విమానాల ఫ్యాక్టరీ, రన్‌వే కట్టించింది. డీ హావిలాండ్ కంపెనీ ‘మస్కిటో’ విమానాలు ఇక్కడ తయారయ్యాయి. పేరుకి తగ్గట్టే దోమలా చురుకైంది. దాని ఒళ్లంతా చెక్కే సుమా! బాల్సా చెక్కకి అటూ ఇటూ బిర్చ్ ప్లైవుడ్ అతికించేవారు. కుర్చీలూ బల్లలూ చేసుకునే వడ్రంగులు విమానాల పనిలోకొచ్చారు. (1944లో మన దేశానికొచ్చిన మస్కిటోల రెక్కల అతుకులు ఊడితే కొన్నాళ్లు ఎగరనివ్వలేదు. అది వేరే సంగతి.) ‘హాలిఫాక్స్’ అనే నాలుగింజన్ల బాంబర్లనీ ఇక్కడే బిగించారు. వాటి భాగాలు చేసినవాళ్లలో లండన్ సిటీబస్సుల వర్క్‌షాపు వాళ్లున్నారు, ఆడవాళ్లు ఎందరో ఉన్నారు.

యుద్ధం అయ్యాక రోల్స్‌రాయిస్ వాళ్లు హెలికాప్టర్ ఇంజన్లు చేశారు. 1990ల మొదట్లో అదీ మూతపడింది. ఇక పాడుబడాల్సిందే అనుకుంటుంటే... జేమ్స్‌బాండ్ దిగాడు! పైన్‌వుడ్ స్టూడియో ఖాళీ లేక ‘గోల్డెన్ ఐ’ (1995) వాళ్లు ఇక్కడికొచ్చారు. విమానాలు పట్టే షెడ్లాయె, ఎత్తుకి కొదవేముంది? బయటి మైదానంలో సెంట్‌పీటర్స్‌బర్గ్ వీధులు వేసి, బాండ్ చేత ట్యాంకు తోలించారు. 2000 నుంచి పదేళ్లు హారీ పాటర్‌దే రాజ్యం. 2010లో వార్నర్ బ్రదర్స్ కొనేసింది, 2012లో జనానికి తలుపులు తెరిచింది.

గ్రేట్ హాల్ సెట్లో అందరూ నోళ్లు తెరిచి పైకి చూస్తున్నారు. నేను కిందికి చూశాను. గోడలు సెట్టింగే గానీ నేల మాత్రం అసలు సిసలు యార్క్ రాయి! ఆ సెట్లు వేసిన వడ్రంగుల పేర్లు కనీసం తెర మీద పడతాయి. మస్కిటో చేసిన వడ్రంగులకి టైటిల్ కార్డేదీ? వాళ్లని తలుచుకోకుండా ఈ టూర్ ముగించడం నాకు అన్యాయం అనిపించింది.

మొట్టమొదటి మస్కిటో దగ్గర్లోనే, డీ హావిలాండ్ మ్యూజియంలో, పసుప్పచ్చ పొట్టతో భద్రంగా ఉంది. లండన్ వెళ్లినవాళ్లు దాన్ని కూడా చూసి రండి.