గాలికి అద్దె ఎంత?

అనంతపురంలో ఉరవకొండ బస్సు ఎక్కితే కిటికీ పక్క సీటు పట్టుకోండి. కూడేరు దాటాక అసలు సినిమా మొదలవుతుంది. ఎర్ర నేల, అక్కడక్కడా బోడి గుట్టలు, కంపచెట్లు, వాటన్నిటి మీదుగా తెల్లగా, పొడుగ్గా గాలిమరలు. ముందు ఒకటి కనిపిస్తుంది. తర్వాత మూడు. కాసేపటికి లెక్కపెట్టడం మానేస్తాం.

ఇక్కడ వీటిని టర్బైన్ అని ఎవరూ అనరు. పేపర్లో అయితే గాలిమర, ఊళ్లో అయితే ఫ్యాను. "రెండో ఫ్యాను కాడ దిగు, ఎడమపక్కకి రా" అంటే అదే లొకేషన్. గూగుల్ మ్యాప్ అక్కర్లేదు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడి గాలి మామూలుగా ఉండదు. బైక్ మీద పోతుంటే పక్కకి నెట్టేస్తుంది. ఆరేసిన చొక్కా పక్కింటి పెరట్లో దొరుకుతుంది. ఫోన్లో మాట్లాడితే అవతలివాళ్లకి మన మాట కన్నా గాలి మోతే ఎక్కువ వినిపిస్తుంది.

ఈసారి నేను వెళ్లింది ఫొటోల కోసం కాదు. మా మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, ఫ్యానోళ్లు మన సేను అడగతాండారు. కాగితమంతా ఇంగ్లీషులో ఉండాది. ఒకసారి వచ్చి సదివి చెప్పు." మామకి ఉన్నది ఆరెకరాలు. అందులో మూడెకరాలు 25 ఏళ్లకి లీజుకి కావాలట. రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

ఉగ్గాని, పాముపడగ, వజ్రాలు

ఉరవకొండ బస్టాండు దగ్గర దిగగానే చేయాల్సిన పని ఒకటే: ఉగ్గాని, బజ్జి. నానబెట్టిన బొరుగుల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పుట్నాల పొడి వేసి తాలింపు పెడతారు. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జి. అది తింటూ తల ఎత్తితే ఊరి మీదకి వాలినట్టు కొండ కనిపిస్తుంది. పడగ విప్పిన పాములా ఉంటుందని దాన్ని ఉరగకొండ అనేవారట. అదే ఉరవకొండ అయిందని చెబుతారు.

టైముంటే అనంతపురం దారిలోనే పెన్నహోబిలం ఉంది, నరసింహస్వామి గుడి చూసి రావచ్చు. ఇంకో వైపు వజ్రకరూరు. తొలకరి వానకి మట్టి కొట్టుకుపోతే చాలు, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి తలలు వంచుకుని చేలల్లో వజ్రాలు వెతుకుతారు. దొరికేది ఏ ఒక్కరికో. అయినా ప్రతి ఏడూ వస్తారు. ఈ నేల మీద ఆశ అలాంటిది. వాన పడితే శెనక్కాయ, అదృష్టం ఉంటే వజ్రం, ఏదీ లేకపోతే బెంగళూరు బస్సు.

ఇప్పుడు ఆ లిస్టులోకి గాలి కూడా చేరింది.

వాన రాదు, గాలి వస్తుంది

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఇదొకటి. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య వానలూ అంతంతమాత్రమే. కానీ వాన దించేసిన ఆ నైరుతి గాలి మాత్రం ఆగదు. ఈ మెట్ట నేలల మీద, గుట్టల మీద జోరుగా వీస్తుంది.

రైతు విత్తనం వేసి మబ్బు కోసం చూసే నెలలూ, ఫ్యాను బాగా తిరిగే నెలలూ ఒకటే. చేను ఎండే కాలంలోనే ఫ్యానుకి పంట.

రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు వచ్చాయి. అసలు జోరు మాత్రం 2014 తర్వాతి మూడు నాలుగేళ్లలో. రాష్ట్రంలో ఇప్పుడు గాలి కరెంటు సామర్థ్యం 4 వేల మెగావాట్ల పైనే. అందులో ఎక్కువ భాగం రాయలసీమలోదే.

ఇంకో సంగతి. గాలి వేగం రెండింతలైతే అందులో ఉండే శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. అందుకే కంపెనీలు నెలల తరబడి గాలిని కొలిచి, ఇక్కడే అని చుక్క పెడతాయి. ఒక ఫ్యాను గాలికి ఇంకోటి అడ్డం రాకుండా దూరం కూడా చూసుకోవాలి. పక్క చేను వదిలేసి మీ చేనే అడిగారంటే ఊరికే కాదు. బేరం ఆడేటప్పుడు ఇది గుర్తుండాలి.

ఫ్యాను కింద నిలబడితే

మామ బండి మీద ఎక్కించుకుని ఊరి బయట తిరుగుతున్న ఫ్యాను దగ్గరికి తీసుకెళ్లాడు. దూరం నుంచి మెల్లగా తిరుగుతున్నట్టే ఉంటుంది. దగ్గరికి పోతే తెలుస్తుంది. ఒక్కో రెక్క 50 మీటర్లకి తక్కువ ఉండదు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి. రెక్క కిందకి దిగిన ప్రతిసారీ 'వుష్... వుష్...' అని చప్పుడు. పగలు పెద్దగా పట్టదు. రాత్రి ఊరంతా నిద్రపోయాక బాగా వినిపిస్తుందంటారు. ఇళ్లకి కనీసం 500 మీటర్ల దూరంలో పెట్టాలని 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి.

స్తంభం నిలబడిన చోటు చూస్తే చిన్నదే. ఎకరంలో కొంత. మిగతాది క్రేను నిలబడటానికి, రెక్కలు మోసే పొడుగు లారీ మలుపు తిరగడానికి, ట్రాన్స్‌ఫార్మర్‌కి, దారికి పోతుంది. ఒకప్పుడు ఎద్దులబండి కూడా కష్టంగా పోయే చోట ఇప్పుడు వెడల్పాటి మట్టి రోడ్డు. "ఈ రోడ్డొకటి మాత్రం మేలు. ట్రాక్టరు సేనుదాకా పోతాది" అన్నాడు మామ.

ఫ్యాను నీడలో గొర్రెలు మేస్తున్నాయి. నీడ కదిలిన కొద్దీ అవీ జరుగుతున్నాయి. కాపరి తాత మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. "ఈటొచ్చినాంక వాన పోయిందప్పా. రెక్కలతో మబ్బుల్ని తోలేస్తాండాయి" అన్నాడు. ఈ మాట ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలామంది అంటారు. రెక్క ఎంత పైకి లేచినా 150, 200 మీటర్లు. వాన మబ్బు దానికి చాలా పైన ఉంటుంది. ఫ్యాన్లు రాకముందూ ఇక్కడ కరువే. కానీ తాత కోపానికి వేరే కారణం ఉంది. అది తర్వాత మాటల్లో బయటపడింది. "సేనున్నోళ్లకి దుడ్లు వచ్చె. మాకేమొచ్చె? మేత బీడు పాయె."

నిజమే. లీజు డబ్బు పట్టా ఉన్నవాళ్లకే. గొర్రెల కాపరికి లేదు. కౌలు రైతుకీ లేదు. భూమి గలాయన ఏ హైదరాబాదులోనో కూర్చుని సంతకం పెడితే, ఇక్కడ ఆ చేను దున్నుకునేవాడు వేరే చేను వెతుక్కోవాలి.

కౌలు వేరు, లీజు వేరు

రాత్రి సంగటి తిన్నాక మిద్దె మీద కూర్చున్నాం. చుట్టూ చీకట్లో ఎర్ర లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. పక్కింటి చిన్నాయన కూడా వచ్చాడు. ఆయన చాలా ఏళ్ల కిందటే ఫ్యాను కోసం మూడెకరాలు ఏకంగా అమ్మేశాడు. అప్పట్లో అది మంచి రేటే. కూతురి పెళ్లి చేశాడు, మిగిలిన దాంతో బోరు వేశాడు, బోరు ఎండింది. తర్వాత హంద్రీ నీవా నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకి వచ్చాయి. చుట్టుపక్కల భూముల రేటు మారిపోయింది. "అమ్మింటే అయిపోయినట్టే. నీళ్లొచ్చినా మనది కాదు" అన్నాడు.

అందుకే మామకి లీజు నచ్చింది. భూమి పోదు, ఏటా డబ్బు వస్తుంది. "కౌలుకిచ్చినట్టే గదా" అన్నాడు.

నాకు ఆ మాట దగ్గరే తేడా కనిపించింది. ఊళ్లో కౌలు అంటే ఏడాది మాట. నోటిమాటతో సరిపోతుంది. నచ్చకపోతే వచ్చే ఏడు ఇంకొకరికి ఇస్తారు. అక్కడ భూమి ఇచ్చేవాడిది పైచెయ్యి. ఈ లీజులో కౌలుదారే పెద్దవాడు. లాయర్లు అతనికే ఉంటారు. కాగితం రాసేదీ అతనే. 25 ఏళ్లదాకా 'వద్దులే' అనే వీలు మనకి ఉండదు, అతనికి ఉండొచ్చు. అందుకే ఊరి కౌలులో మాట మీద నడిచేవన్నీ ఇక్కడ కాగితం మీద ఉండాలి.

అంతసేపూ పక్కనే పడుకుని వింటున్న అవ్వ లేచి కూర్చుంది. "అది ముసల్దయితే ఎవరు పీకుతారప్పా?" అని అడిగింది.

ఆ కాగితంలో దానికి జవాబు లేదు. 18 పేజీల్లో రెండుసార్లు వెతికాను. గడువు అయ్యాక 'స్థలం అప్పగిస్తాం' అని ఒక్క ముక్క ఉంది. ఫ్యాను కింద నేలలో వందల టన్నుల కాంక్రీటు దిమ్మె ఉంటుంది. ఇనుము, రాగి అయితే తుక్కుకి పోతాయి. రెక్కలు ఫైబర్‌గ్లాసువి, వాటిని మళ్లీ వాడుకోవడం కష్టం. దిమ్మె తవ్వి తీయకపోతే ఆ చోట మళ్లీ నాగలి దిగదు. మామకి ఇప్పుడు 50 దాటాయి. ఆ దిమ్మె ముందు నిలబడి ఏం చేయాలా అని చూసేది మామ కొడుకు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు.

లెక్క వేద్దాం రండి

ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మామకి చూపించాను. ఉదాహరణకి ఎకరాకి ఏడాదికి 30 వేలు అనుకుందాం. మూడెకరాలకి 90 వేలు. 25 ఏళ్లూ అదే రేటైతే మొత్తం 22.5 లక్షలు. వినడానికి బాగుంది. అదే ఏటా 5 శాతం పెంచితే? మొత్తం దాదాపు 43 లక్షలు. ఆఖరి ఏడాది ఒక్కదానికే 2.9 లక్షలు వస్తాయి.

పెంచకపోతే ఏమవుతుందో కూడా చూడండి. ధరలు ఏటా 5 శాతం పెరుగుతూ పోతే, 25వ ఏట చేతికొచ్చే 90 వేలు ఇవాళ్టి 28 వేలతో సమానం. కాగితంలో పెంపు గురించి ఒక్క లైను ఉండటానికీ లేకపోవడానికీ ఇంత తేడా.

కంపెనీ ఆదాయం కూడా గాలి వీచినంత మాత్రాన ఖాయం కాదు. 2019లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గాలి, సోలార్ కరెంటు కొనుగోలు ఒప్పందాల ధరల్ని మళ్లీ సమీక్షిస్తామంది. గొడవ కోర్టుకెళ్లింది. ఒప్పందాల్లోని ధరలే ఇవ్వాలని 2022 మార్చిలో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వానికీ కంపెనీలకీ మధ్య ఒప్పందానికే మూడేళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. అట్లాంటప్పుడు ఆరెకరాల రైతు కాగితం ఎంత గట్టిగా ఉండాలి?

మర్నాడు పొద్దున టీ తాగుతూ నేనూ, మామ కొడుకూ కలిసి తెలుగులో ఒక లిస్టు రాశాం. మీ ఇంట్లోనూ ఇలాంటి కాగితం వస్తే పనికొస్తుంది.

ఒకటి, అద్దె ఏటా ఎంత పెరుగుతుందో అంకెల్లో ఉండాలి. ఏ తేదీలోపు ఇస్తారు, ఇవ్వకపోతే లీజు రద్దు చేసే హక్కు మనకి ఉందా అన్నదీ రాయాలి.

రెండు, సర్వే నంబరు, హద్దులు, స్కెచ్ ఉండాలి. దారి ఎటు, కరెంటు లైను ఎటు, మిగతా మూడెకరాల్లో సాగుకి అడ్డం లేకుండా ఎలా అన్నది తేలాలి. పనులప్పుడు పంట పోతే పరిహారం వేరేగా ఇవ్వాలి.

మూడు, ఏడాది దాటిన లీజు తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. స్టాంపు కాగితం మీద సంతకాలు చాలవు. రిజిస్టరైన కాపీ మన ఇంట్లో ఉండాలి.

నాలుగు, కంపెనీ ప్రాజెక్టుని వేరేవాళ్లకి అమ్మేస్తే, కొన్నవాళ్లు కూడా ఇవే షరతులకి కట్టుబడాలి.

ఐదు, అవ్వ అడిగింది. గడువు తీరాక ఫ్యానుని ఎవరు దించుతారు, దిమ్మెని ఎంత లోతుదాకా తీస్తారు, దానికి డబ్బు ముందే ఎక్కడ పెడతారు.

సంతకానికి ముందు చూడాల్సినవి ఇంకో రెండు. పట్టా, 1బీ, ఈసీ సరిగ్గా ఉన్నాయా, బ్యాంకులో పంట రుణానికి ఆ భూమి తాకట్టులో ఉందా చూసుకోవాలి. ఉంటే బ్యాంకుని అడగకుండా ముందుకు పోకూడదు. ఇక ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూమి అయితే రూల్సు వేరు. మధ్యవర్తి మాట నమ్మకుండా తహసీల్దారు ఆఫీసులో అడగాల్సిందే.

మధ్యాహ్నానికి మధ్యవర్తి వచ్చాడు. లిస్టు చూసి నవ్వాడు. "ఇవన్నీ ఎవరూ అడగరన్నా. అందరూ సంతకం పెట్టేసినారు" అన్నాడు మామతో. మామ లిస్టు మడిచి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టాడు. "అందరి సంగతి నాకేల? ఐదోది రాసుకురా, మిగతాటి గురించి మాట్లాడదాం" అన్నాడు. పైవాళ్లని అడిగి చెప్తానని ఆయన వెళ్లిపోయాడు.

ఇది జరిగి మూడు వారాలు. మొన్న మామ కొడుకు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. అద్దె పెంపుకి ఒప్పుకున్నారట, ఫ్యాను దించే సంగతి లాయరు దగ్గర ఉందట. ఈలోపు పదును వాన పడితే ఆ మూడెకరాల్లో కూడా శెనక్కాయ విత్తేశారు. కాగితం ట్రంకుపెట్టెలో ఉంది. తాళం చెవి అవ్వ దగ్గర ఉంది.