విరిగిన మూడో పిన్ను

మా అమ్మకి కరెంటు షాక్ కొట్టింది నా చేతి పని వల్ల. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడానికి నాకు ధైర్యం వస్తుంది.

మేం న్యూజెర్సీలో ఉంటాం. మూడేళ్ల కిందట ఒక పాత పాప్-అప్ క్యాంపర్ కొన్నాను. కారు వెనక తగిలించుకుని వెళ్లే బండి అది. దిగాల్సిన చోటికి చేరాక హ్యాండిల్ తిప్పితే పైకప్పు లేస్తుంది, రెండు వైపులా మంచాలు బయటికి జరుగుతాయి. గోడలన్నీ కాన్వాసు గుడ్డే. చక్రాలున్న గుడారం అనుకోండి. చాసిస్, తలుపు చట్రం, మెట్టు మాత్రం లోహం. మాది మరీ సాదా రకం. బ్యాటరీ దీపం ఒక్కటే ఉండేది, కరెంటు వైరింగు లేదు.

ఆ ఏడాది అమ్మ తెనాలి దగ్గరి మా ఊరి నుంచి ఆర్నెల్లు ఉండటానికి వచ్చింది. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులకి పోకనో కొండలకి వెళ్దామనుకున్నాం. అక్కడ మే నెలలోనూ రాత్రిళ్లు చలే. అమ్మకి మోకాళ్ల నొప్పులు. చిన్న రూమ్ హీటరు, రైస్ కుక్కరు, ఫోన్లకి ఛార్జింగు ఉంటే చాలనుకున్నాను. క్యాంపు స్థలాల్లో ఒక్కో బండి పక్కన ఒక్కో కరెంటు స్తంభం ఉంటుంది. పెడెస్టల్ అంటారు. మాకు ఇచ్చిన చోట 20 ఆంపియర్ల సాకెట్టు ఒకటి, 30 ఆంపియర్లది ఒకటి ఉన్నాయి. రెండూ 120 వోల్టులవే. బండికి ఒక ఇన్‌లెట్, లోపల 15 ఆంపియర్ల బ్రేకర్ పెట్టె, రెండు సాకెట్లు బిగిస్తే పని అయిపోతుంది.

ఎలక్ట్రీషియన్ని పిలవలేదు. మా నాన్న ఎలక్ట్రీషియనే. ఊళ్లో ఇళ్ల వైరింగు, మోటారు వైండింగు ఆయన పని. పదేళ్ల వయసు నుంచి ఆయన వెనకే తిరిగాను. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేవాణ్ణి. అమెరికాలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. ఈ సంగతి చదివాను, నాకు తెలుసు. అయినా రాత్రి పదకొండు గంటలకి గ్యారేజీలో వంగి స్క్రూలు బిగిస్తుంటే, చేతులు చిన్నప్పుడు నేర్చుకున్నదే చేశాయి. ఇన్‌లెట్‌లో నల్ల తీగని న్యూట్రల్ స్క్రూకి, తెల్ల తీగని ఫేజు స్క్రూకి బిగించాను.

రెండో తప్పు లోపలి బ్రేకర్ పెట్టెలో చేశాను. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ ఒకచోట కలిపి ఉంటాయి. అది చూసి ఇక్కడా కలిపేశాను. ఎర్త్ తీగని చాసిస్‌కి బిగించాను. ఆ ఒక్కటీ సరైన పనే. కానీ ఫేజు వస్తున్నది తెల్ల తీగలో, తెల్ల తీగ కలిసింది ఎర్త్‌తో, ఎర్త్ ఉన్నది చాసిస్‌కి. 120 వోల్టులు నేరుగా బండి ఇనుముకే ఇచ్చానన్నమాట.

ఇంత తప్పు జరిగితే ప్లగ్గు పెట్టగానే షార్టయి బ్రేకర్ పడిపోవాలి. పడలేదు. నేను వాడిన పాత ఎక్స్‌టెన్షన్ తీగకి మూడో పిన్ను, ఎర్త్ పిన్ను, ఎప్పుడో విరిగిపోయింది. కరెంటు వెనక్కి పోయే దారి లేక ఇనుములోనే ఉండిపోయింది. గ్యారేజీలో బండి కాళ్ల కింద చెక్క దిమ్మలున్నాయి, నా కాళ్లకి బూట్లున్నాయి, నేల పొడిగా ఉంది. దీపం వెలిగింది, కుక్కరు వేడెక్కింది. ఫేజు తిరగబడితే దీపానికి తేడా తెలియదు. నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉండేది. ఏ ఇనుప పెట్టెనైనా ముట్టుకునే ముందు దాని మొన ఆనించి చూసేవారు. నేను ఆ పని చెయ్యలేదు.

శనివారం మధ్యాహ్నం చేరాం. అప్పటికే వాన పడుతోంది. బండి కాళ్లు తడి మట్టిలోకి దించి, తీగని 20 ఆంపియర్ల సాకెట్టులో పెట్టాను. టక్కున ట్రిప్పయింది. బటన్ నొక్కి మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది. మూడుసార్లూ అంతే. దాన్ని జీఎఫ్‌సీఐ సాకెట్టు అంటారు. వెళ్లిన కరెంటంతా తిరిగొస్తోందో లేదో చూస్తుంటుంది. 5 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా ఆపేస్తుంది. మన ఇళ్లలో ఆర్‌సీసీబీ పనిచేసేదీ ఇదే పద్ధతిలో. అవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లకి పడతాయి. ఇనుప కాళ్ల గుండా కరెంటు నేలలోకి పోతోందని ఆ సాకెట్టు నాకు మూడుసార్లు చెప్పింది. వానకి తడిసి పాడైందనుకున్నాను. కారులోంచి అడాప్టరు తీసి 30 ఆంపియర్ల సాకెట్టులో పెట్టాను. దానికి ఆ రక్షణ లేదు. దీపాలు వెలిగాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఆరింటికి వాన తెరిపిచ్చింది. అమ్మ కొళాయి దగ్గర బియ్యం కడిగి గిన్నె పట్టుకుని వచ్చింది. మెట్టు ముందు ఆగి చెప్పులు విడిచింది. ఇంట్లోకి చెప్పులతో రావడం ఆమెకి ఈ జన్మలో రాదు, అది గుడ్డ ఇల్లయినా సరే. తడి గడ్డి మీద వట్టి కాళ్లతో నిలబడి, ఎక్కడానికి ఆసరాగా తడి చేత్తో తలుపు చట్రం పట్టుకుంది.

గిన్నె పడిన చప్పుడైంది. అమ్మ అరవలేదు. గొంతులో ఏదో అడ్డుపడినట్టు మూలిగింది. "నాన్నా, నానమ్మ చెయ్యి రావటంలేదు" అంది మా పాప. వెళ్లి భుజం పట్టుకున్నాను. మోచేతి దాకా ఝాడించి కొట్టింది. అప్పుడు తెలిసింది. లాగకూడదు, మెయిన్ తియ్యాలి. నాన్న చెప్పింది అదొక్కటే ఆ వేళ నాకు పనికొచ్చింది. స్తంభం ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆ తడి గడ్డిలో జారి మోకాలి మీద పడ్డాను. లేచి బ్రేకర్ దించాను. వెనక అమ్మ కుప్పకూలిన శబ్దం వినపడింది.

ఊపిరి ఉంది. అమ్మ తల ఒళ్లో పెట్టుకుని మా ఆవిడ "అత్తయ్యా, అత్తయ్యా" అంటోంది. 911కి ఫోన్ చేశాను. ఆసుపత్రిలో రాత్రంతా గుండెకి మానిటరు పెట్టి ఉంచారు. అరచేతిలో రూపాయి బిళ్లంత కాలిన మచ్చ. కండరాలు బిగుసుకుపోవడంతో భుజం రెండు నెలలు ఎత్తలేకపోయింది. గుండెకి ఏమీ కాలేదు.

తెల్లవారుజామున నా వైపు తిరిగి ఒకే మాట అడిగింది.

"ఎర్త్ ఇవ్వలేదా రా?"

ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌తో కాపురం చేసిన మనిషి. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చి నా పనంతా విప్పించాడు. న్యూట్రల్, ఎర్త్ కలవాల్సింది కరెంటు మొదలయ్యే చోట ఒక్కసారే. బండిలోపల అవి ఎక్కడా కలవకూడదు. నలుపు ఇత్తడి రంగు స్క్రూకి, తెలుపు వెండి రంగు స్క్రూకి, ఆకుపచ్చ ఆకుపచ్చకి. చాసిస్ నుంచి ఎర్త్ పట్టీకి 8 గేజి రాగి తీగ. బయటి తీగ 12 గేజిది, మూడు పిన్నులూ గట్టిగా ఉన్నది. పక్కన నేలలో ఒక కడ్డీ దిగ్గొడితే సరిపోదా అని అడిగాను. చాలదన్నాడు. కడ్డీకి 25 ఓములుంటే 120 వోల్టులకి అందులో పారేది 5 ఆంపియర్లు కూడా కాదు. 15 ఆంపియర్ల బ్రేకర్ కదలనైనా కదలదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్లో పదో వంతు చాలు.

ఇంకో లెక్క కూడా నేర్పాడు. 1500 వాట్ల హీటరు ఒక్కటే పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. దానితోపాటు కుక్కరు పెట్టకూడదు.

ఇప్పుడు చేరిన ప్రతిచోటా ముందు సాకెట్టులో మూడు దీపాల టెస్టరు పెట్టి చూస్తాను. తర్వాత బూట్లతోనే నిలబడి, ఇనుము ముట్టుకోకుండా, మీటరు ఒక కొస చాసిస్‌కి, ఇంకో కొస స్తంభం ఎర్త్‌కి ఆనిస్తాను. సున్నా చూశాకే మా వాళ్లని కారు దిగమంటాను. ఈ పనికి ఐదు నిమిషాలు పడుతుంది.

ఇక్కడ క్యాంపర్లు కొంటున్న మన వాళ్లకి ఒక మాట. మన పెద్దలు మెట్టు దగ్గర చెప్పులు విడుస్తారు, మన పిల్లలు వట్టి కాళ్లతో తిరుగుతారు. బూట్లు విడవని వాళ్లకి ఏళ్ల తరబడి తెలియని తప్పు, మన ఇంట్లో మొదటి సాయంత్రమే ప్రాణం మీదికి తెస్తుంది. పిన్ను విరిగిన తీగ కనిపిస్తే ఇంకెవరూ వాడకుండా ముక్కలు చేసి పారెయ్యండి. సాకెట్టు ట్రిప్పయితే ఇంకో సాకెట్టు వెతక్కండి. తీగ పీకి, తప్పు ఎక్కడుందో వెతకండి.