బి బటన్

ఇవాళ పంట గురించి కాదు, ఒక వీడియో గేమ్ గురించి రాస్తున్నా. యాభై ఎనిమిదేళ్ల రైతుకి గేములేంటని నవ్వుకోకుండా చివరిదాకా చదవండి.

1999లో గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మి వస్తూ పెద్దోడికి టీవీ గేమ్ కొనుక్కొచ్చా. రూ.850. అప్పుడు వాడికి పదేళ్లు. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది గానీ ఇరవై గేములు కూడా లేవు, అవే మళ్లీ మళ్లీ వచ్చేవి. వాటిలో వాడికి ప్రాణం ఎక్సైట్‌బైక్. జపాన్‌లో నింటెండో వాళ్లు 1984లో తెచ్చిన మోటార్‌సైకిల్ పందెం అది. మారియోని పుట్టించిన మియమోతో గారే దీన్ని కూడా తయారుచేశారట. మా ఇంటికొచ్చింది మాత్రం నకలు పెట్టె, నకలు క్యాసెట్.

వాడే నాకు నేర్పాడు. ఎ బటన్ నొక్కితే బండి మామూలుగా పోద్ది. బి నొక్కితే దూసుకుపోద్ది, కానీ ఇంజన్ వేడెక్కుద్ది. కింద వేడి చూపించే గీత ఉంటది. అది నిండిందా, బండి పక్కకెళ్లి ఆగిపోద్ది. చల్లారేదాకా కదలదు, మిగతా వాళ్లు దాటిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. దారిలో బాణం గుర్తులుంటాయి, వాటి మీదుగా పోతే ఇంజన్ చల్లబడుద్ది. దిబ్బ మీంచి ఎగిరినప్పుడు బండిని వంచుకుని సరిగ్గా దింపాలి. నేను ప్రతిసారీ బోర్లా పడేవాణ్ణి. "నాన్నా, బి వదులు, బి వదులు" అని వాడు అరిచేవాడు.

అందులో మన సొంత ట్రాక్ కూడా వేసుకోవచ్చు. దాన్ని టేపులో దాచుకునే పరికరం జపాన్‌లో ఉండేదంట. మాకెక్కడిది? కరెంటు పోతే ట్రాక్ కూడా పోయేది. అయినా వాడు మళ్లీ మొదటి నుంచి వేసేవాడు.

2002 కరువు మీకు గుర్తుండే ఉంటది. బోరులో నీళ్లు తగ్గాయని తెలిసి కూడా, రాత్రి కరెంటు ఉన్నంతసేపూ మోటారు ఆపలేదు. వైండింగ్ కాలిపోయింది. బాగుచేయించడానికి చేతిలో డబ్బుల్లేవు, పైరు కళ్లముందే వాడిపోతోంది. ఇంటికొస్తే వీడు టీవీ ముందు కూర్చునున్నాడు. ఒక్క మాట అనకుండా వైరు పీకి, పెట్టె తీసుకెళ్లి అటక మీద పడేశా. వాడూ ఏమీ అనలేదు. మళ్లీ దాన్ని అడగలేదు.

తర్వాత మా ఆవిడ చెప్పింది. ఆ సాయంత్రమంతా వాడు నాకోసమే ట్రాక్ వేశాడంట. నేను పడిపోతానని దిబ్బలు తక్కువ పెట్టాడంట.

ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో క్యాబ్ నడుపుతున్నాడు. కారు వాయిదాలు ఒకపక్క, చిట్టీ అప్పు ఇంకోపక్క. పోయిన వారం రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేశాడు. పొద్దున ఆరింటికి ఎక్కాడంట బండి. గొంతు మత్తుగా ఉంది. "ఇంకో రెండు ట్రిప్పులు కొట్టి పడుకుంటా నాన్నా" అన్నాడు.

"ఒరేయ్, బి వదలరా" అన్నా. ఎలా వచ్చిందో నోటికి, అలా వచ్చేసింది.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వాడు. "ఇంకా గుర్తుందా?" అన్నాడు. అప్పుడు చెప్పా, ఆ రోజు వైరు పీకింది తప్పేరా, నా మోటారు నేనే కాల్చుకుని నీమీద చూపించా అని. ఇరవై ఏళ్లు దాటాక వచ్చిందా మాట. "పోన్లే నాన్నా, ఆ ట్రాక్ ఎలాగూ పొద్దున్నే కరెంటుకి పోయేదే" అన్నాడు. రూముకెళ్లి పడుకుంటానన్నాడు. అరగంటకి "వచ్చేశా" అని మెసేజ్ పెట్టాడు. అప్పుడు నాకూ నిద్రపట్టింది.

సంక్రాంతికి మనవడిని తీసుకుని వస్తానన్నాడు. అటక మీంచి పెట్టె దించి తుడిచా. అడాప్టర్ పోయింది, నరసరావుపేట వెళ్లినప్పుడు కొత్తది తేవాలి.

మీ పిల్లలు ఎవరైనా రాత్రిళ్లు బండి నడుపుతుంటే, ఎంత సంపాదించావని కాకుండా ఎంతసేపు పడుకున్నావని అడగండి. బండి పక్కకి ఆపాకే మాట్లాడమని కూడా చెప్పండి.