తెలుపు ఎవరి కొలమానం?

మన సాహిత్యంలో పగడం ఒక రంగు మాత్రమే. కావ్యనాయిక పెదవి వర్ణనకొచ్చిందంటే దొండపండో పగడమో రాక తప్పదు. విద్రుమాధర అనే సమాసాన్ని తరగతిలో ఎన్నిసార్లు విప్పి చెప్పానో లెక్కలేదు. మన ఇళ్ళలోనూ అంతే, మంగళసూత్రాల పక్కన నల్లపూసలతో పాటు గుచ్చుకునే ఎర్రపూస. ఆ పగడం ఒక ప్రాణి అనీ, దానికి నోరూ ఆకలీ ఉంటాయనీ ఏ వ్యాఖ్యానమూ పట్టించుకోలేదు. పోలికకు వాడుకున్నదాన్ని పోలిక బయట చూడకపోవడం, ఆడవాళ్ళ విషయంలో మనకు బాగా తెలిసిన సంగతే.

బతికున్న పగడాలను నేను చూసింది ముప్ఫయి నాలుగో ఏట. పరిశోధన కోసం అమెరికా వచ్చి నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు రిటైరైన నర్సు. ఇంటి కింది గదిలో ఉప్పునీటి తొట్టెలో ఆవిడ పగడాలు పెంచుతారు. మన దేశంలో రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది కాబట్టి ఇలా ఇంట్లో పెంచి అమ్మే వీలు లేదు. ఇక్కడ గుత్తి బాగా పెరిగాక చిన్న ముక్క విరిచి, బిళ్ళకు అంటించి, అది నిలదొక్కుకున్నాక తనలాంటి వాళ్ళకు అమ్ముతారు. అమ్మాలంటే ఫోటోలుండాలి. ఆవిడ చేతులు వణుకుతాయి. అందుకని ఆ పని నేను తీసుకున్నాను.

పని చూడ్డానికి చిన్నదే. అద్దం తుడవాలి. గదిలో దీపాలార్పాలి. పగడాల చేతులు ఊగకుండా నీటి పంపులు కాసేపు ఆపాలి. కెమెరా అద్దానికి తిన్నగా ఉండాలి, కాస్త వాలినా అంచులు సాగిపోతాయి. ఇవన్నీ కుదిరినా మొదట్లో వచ్చిన బొమ్మలన్నీ నీలిమందులో ముంచి తీసినట్టుండేవి. తొట్టె మీద వెలిగేవి నీలి ఎల్‌ఈడీ దీపాలు. సముద్రంలో లోతుకు దిగేకొద్దీ ఎరుపు ముందే ఇంకిపోయి నీలమే మిగులుతుంది. అక్కడి జీవులకు అలవాటైన వెలుతురు అదే. చాలా పగడాల ఒంట్లోని ప్రోటీన్లు ఆ నీలాన్ని పీల్చుకుని ఆకుపచ్చగానో నారింజగానో తిరిగి వెలిగిస్తాయి. మన కంటికి ఆ మెరుపు కనిపిస్తుంది. కెమెరాకు నీలమే నిండిపోతుంది.

దీనికి విరుగుడు వైట్ బ్యాలెన్స్. ఈ వెలుతురులో తెలుపంటే ఏదో ఒకటి చూపించి చెబితే, మిగతా రంగులన్నిటినీ కెమెరా దాన్నిబట్టి సర్దుతుంది. చాలా కెమెరాల్లో ఆ కొలత 10,000 కెల్విన్ల దగ్గర ఆగిపోతుంది, తొట్టెలో నీలం దాన్ని దాటేసి ఉంటుంది. అందుకే లెన్సు ముందు పసుపు, నారింజ ఫిల్టరు పెట్టి తీసి, రా ఫైలును కంప్యూటర్లో మళ్ళీ సరిచెయ్యాలి. అదే జోయాంథిడ్ పగటి వెలుతురులో మట్టిరంగు, నీలి వెలుతురులో చిలకపచ్చ, ఫిల్టరులోంచి నిప్పుకణిక. ఏది దాని అసలు రంగు? నా చేతిలో ఉన్న స్లైడర్‌కి ఆ ప్రశ్నకు జవాబు లేదు. అది అడిగేది ఒక్కటే, దేన్ని తెలుపు అనుకోమంటావని.

ఆ ప్రశ్న ఫోటోగ్రఫీకి కొత్తది కాదు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద ఒక తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉండేది. తొలి మోడల్ పేరు మీద వాటిని షెర్లీ కార్డులన్నారు. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. నల్లని ముఖాలు మసకబారితే అది ఫిల్ము లోపం కాదు, ముఖాల లోపం. ఈ చరిత్రను తవ్వి 2009లో వ్యాసం రాసిన కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ ఒక విషయం చెబుతారు. గోధుమఛాయలు ఫిల్ములో సరిగ్గా పడటం లేదని కంపెనీ మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళలో చాక్లెట్ల వాళ్ళూ, చెక్క సామాన్ల వాళ్ళూ ఉన్నారట. మనుషుల చర్మం కన్నా చాక్లెట్ మాట చెల్లుబాటైంది. ఆ షెర్లీకి మాత్రం ఏం ఒరిగింది? ఆమె కూడా ఒక కొలబద్దే.

నాకు ఈ కొలబద్ద 2013లో గుంటూరులో పరిచయం. పెళ్ళిసంబంధాల కోసం ఫోటో దిగడానికి అమ్మ నన్నొక స్టూడియోకి తీసుకెళ్ళింది. "కొంచెం రంగు తెప్పించమంటారా?" అని స్టూడియో అబ్బాయి నన్ను కాదు, అమ్మనడిగాడు. మౌస్ రెండు మూడుసార్లు కదిపాడు. తెర మీద నా ముఖం, మెడ, చేతులు ఒక్కో ఛాయ చొప్పున నన్ను వదిలి వెళ్ళిపోయాయి. అమ్మని నేనేమీ అనలేను. "ముందు ఫోటో చూసే పక్కన పడేస్తారే. మనిషిని చూడ్డానికైనా రానీ" అంది. ఆవిడ పెళ్ళికి అమ్మమ్మ పడ్డ పాట్లు అందులో ఉన్నాయి. రెండు నెలల తర్వాత ఒక కుటుంబం వచ్చింది. అబ్బాయి తల్లి నన్ను చూసి, "ఫోటోలో కాస్త..." అని ఆగిపోయింది. ఆ వాక్యాన్ని ఎవరూ పూర్తి చెయ్యలేదు. కాఫీలు తాగి వెళ్ళిపోయారు.

అయినా ఎడిటింగే అబద్ధం అని నేననను. తొట్టె ముందు కూర్చున్నాక ఆ మాట అనడం కుదరదు. కెమెరా లోపలే ఎవరో ముందుగా రాసిపెట్టిన ఎడిటింగ్ ఉంది. స్టూడియో అబ్బాయి చేసిందీ నేను చేసేదీ ఒకే పరికరంతోనే. కానీ పగడం విషయంలో నేను వెతికేది, ఆ నీటి దగ్గర నిలబడిన మనిషికి కనిపించే రంగుని. అక్కడ వెతికింది, నన్ను చూడకముందే నిర్ణయమైపోయిన రంగుని.

పగడాలకు తెలుపంటే ఏమిటో తెలిశాక ఆ మాటే నాకు మారిపోయింది. పగడం ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. ఎండతో ఆహారం వండి పెట్టేవి అవే, ఆ మట్టిరంగు వాటిదే. నీళ్ళు వేడెక్కితే ఆ పొత్తు చెడిపోతుంది. శైవలాలు వెళ్ళిపోతాయి, పారదర్శకమైన ఒంట్లోంచి లోపలి సున్నపు ఎముక తెల్లగా బయటపడుతుంది. వెంటనే చావదు గానీ అది ఆకలి తెలుపు. ప్రపంచవ్యాప్తంగా పగడాలు ఇలా తెల్లబడటం ఇది నాలుగోసారని 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన భాషలో ముఖం తెల్లబోయిందంటే సంతోషానికి కాదు. ఆ నుడికారం కట్టినవాళ్ళకు తెలిసిన సంగతి పెళ్ళిసంబంధాల మార్కెట్‌కు తెలియలేదు.

ఇప్పుడు మేము ప్రతి ముక్కకూ మూడు ఫోటోలు పెడుతున్నాం. పగటి వెలుతురులో ఒకటి, నీలి వెలుతురులో ఒకటి, ఫిల్టరుతో ఒకటి. కింద ఏ దీపం, ఏ ఫిల్టరు, ఎంత సరిచేశాం, అన్నీ రాస్తాం. సాచురేషన్ జోలికి పోం. దీనివల్ల అమ్మకాలు తగ్గాయి. మొన్న ఒకావిడ వచ్చి మొదటి ఫోటో చూసి, "ఇదేంటి, ఇంత మట్టిరంగుగా ఉంది?" అని మొహం చిట్లించింది.

"బతికుంది కదమ్మా, అందుకని" అన్నారు మా యజమానురాలు. ఆవిడ కొనలేదు.